మంగళం రోడ్డులో పెద్దాయన మెకానిక్ షెడ్డు: బ్రేకులకి ఇక్కడికే పోండి, తొందరుంటే మాత్రం వద్దు

తిరుపతిలో బండి బ్రేకులు ఎవరు బాగా చేస్తారని అడిగితే నేను చెప్పేది ఈ షెడ్డే. మంగళం రోడ్డులో రేకుల షెడ్డు, బోర్డు మీద 'టూవీలర్ వర్క్స్' అని తప్ప పేరు కూడా లేదు. నడిపే పెద్దాయన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి 58కి రిటైరయ్యారు, ఇప్పుడు డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు. సర్వీసులో ఎక్కువ భాగం కొండకి తిరిగే బస్సుల కిందే గడిచిందట, అందుకని బ్రేకు దగ్గర మాత్రం రాజీ పడరు.

మొన్న నా ముందే ఒక కుర్రోడు స్కూటర్ తెచ్చి, బ్రేక్ పట్టట్లేదు, కేబుల్ కొంచెం బిగించండి సార్ అన్నాడు. చాలా చోట్ల అంతే చేసి డబ్బు తీసుకుని పంపేస్తారు. ఈయన చక్రం ఊడదీయించి, బ్రేక్ షూ ఆ కుర్రోడి చేతిలో పెట్టి వేలితో రుద్ది చూడమన్నారు. నున్నగా మెరుస్తోంది. "కొండ మీద్నించి ఇంజన్ ఆఫ్ చేసి దిగినావా నాయనా?" అంటే వాడు నవ్వి ఊరుకున్నాడు. పెట్రోలు మిగులుతుందని చాలామంది చేసే పనే అది, కానీ గేర్లు లేని బండి ఆఫ్ చేస్తే ఇంజన్ పట్టు అసలుండదు, మలుపు మలుపుకీ భారమంతా బ్రేకు మీదే పడి కిందికొచ్చేసరికి షూ మీదుండే లైనింగ్ పొర కాలిపోయి ఉంటుంది. డిస్క్ బండ్లకైతే బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే అంటారు, అది తేమ పీల్చుకుంటే వేడికి బ్రేక్ లివర్ మెత్తగా లోపలికి పోతుందని.

మోకాళ్లు వంగవు కాబట్టి బండిని చెక్కదిమ్మ మీదికి ఎక్కించి, స్టూలు మీద కూర్చుని చేస్తారు. బరువు పనులు అసిస్టెంట్ కుర్రోడివి, చివర్లో చక్రం తిప్పి చూసేది మాత్రం ఆయనే.

పెన్షన్ వస్తుంది కదా, ఈ వయసులో ఎందుకండీ అంటూనే లేబర్ తగ్గించమనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆర్టీసీ వాళ్లని ప్రభుత్వంలో కలిపింది 2020లో, రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 62 చేసింది 2022లో. ఈయనలా అంతకుముందే దిగిపోయినవాళ్లకి వచ్చేది పీఎఫ్ పెన్షన్, దాంట్లో కనీస మొత్తం 2014 నుంచీ నెలకి వెయ్యి రూపాయలే. ఆయనకెంత వస్తుందో నేనడగలేదు, అడగాల్సిన పనీ లేదు. డబ్బు కోసం చేసినా ఇష్టంతో చేసినా పని పనే, చెప్పిన రేటు ఇచ్చి రండి.

ఇక లోపాలు. చాలా నిదానం, పొద్దున ఇస్తే సాయంత్రం అనుకోవాల్సిందే. ఫోన్ ఎత్తరు. కూర్చోడానికి ఒకే కుర్చీ, దాని మీద ఎప్పుడూ ఎవరిదో హెల్మెట్. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల కింద వచ్చిన) బండ్లలో ఇంజన్ లైటు వెలిగిందంటే చెయ్యి కూడా పెట్టరు, "అది నా పని కాదు, షోరూముకి పో" అంటారు. అట్లా మొహం మీదే చెప్పేయడం నాకు నచ్చింది గానీ, ఎండలో బండి తోసుకుని వెళ్లినవాళ్లకి నచ్చకపోవచ్చు.