మూడేళ్లుగా వాడుతున్న హెచ్‌ఐవీ–సిఫిలిస్ కిట్: ఒక నర్సు రివ్యూ

నేను నర్సును. డాక్టర్ వారానికి ఒకరోజు మాత్రమే వచ్చే చిన్న క్లినిక్‌లో పనిచేస్తాను. మిగతా రోజులు నేనూ, ఇంకో సిస్టరూ. ల్యాబ్ లేదు. కరెంటు దానికి తోచినప్పుడు ఉంటుంది. చుట్టుపక్కల గర్భిణులంతా చూపించుకోవడానికి వచ్చేది మాత్రం ఇక్కడికే. వాళ్లకు మేం మూడేళ్లుగా వాడుతున్న కిట్ గురించి రాస్తున్నాను. వేలి మీద పొడిచి తీసిన ఒక్క రక్తపు చుక్కతో హెచ్‌ఐవీ, సిఫిలిస్ (లైంగికంగా అంటుకునే ఇంకో జబ్బు) రెండూ చూసే క్యాసెట్, అంటే చిన్న ప్లాస్టిక్ పరీక్ష పలక అది. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి రెండు కంపెనీలవి వాడాను, మంచీ చెడూ రెండింటిలోనూ దాదాపు ఒకటే.

ముందు పాత పద్ధతి చెప్పాలి. లేకపోతే ఈ ప్లాస్టిక్ ముక్కను ఎందుకు ఇంత వెనకేసుకొస్తున్నానో అర్థం కాదు. అప్పట్లో సిఫిలిస్‌కి వీడీఆర్‌ఎల్ అనే ల్యాబ్ పరీక్ష చేయించాలంటే నరం నుంచి రక్తం తీసి, ట్యూబులో పోసి, ఐస్ డబ్బాలో పెట్టి పెద్దాసుపత్రికి పంపేవాళ్లం. ఆ పరీక్షకు సెంట్రిఫ్యూజ్ కావాలి, ఫ్రిజ్‌లో దాచిన రసాయనం కావాలి, చూసి చెప్పగలిగిన టెక్నీషియన్ కావాలి. రిపోర్టు రావడానికి రెండు వారాలు, ఒక్కోసారి నెల. దారిలో ట్యూబు పాడైతే మళ్లీ మొదటికి. తీరా పాజిటివ్ అని వస్తే ఆవిడ దొరకదు. పని వెతుక్కుంటూ ఇంకో ఊరు పోయి ఉంటుంది, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. మా పాత రిజిస్టరులో ఎర్ర సిరాతో గుండ్రం చుట్టిన పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కన "రాలేదు" అని రాసి ఉంటుంది, నా చేతిరాతతోనే.

ఇప్పుడు ఆవిడ బల్ల దగ్గర కూర్చుంటుంది, వేలు పొడుస్తాను, మొదటి చుక్క తుడిచేస్తాను, రెండో చుక్కను పిప్పెట్‌తో తీసి క్యాసెట్ గుంటలో వేస్తాను, పైన బఫర్ (కిట్‌తో వచ్చే ద్రవం) చుక్కలు వేస్తాను. పాజిటివ్ అయితే ఆ జబ్బు గీత పడుతుంది. 15 నిమిషాలు ఆగాలి. ఆ లోపల బీపీ, బరువు, బిడ్డ గుండె చప్పుడు చూసేస్తాను. ఆవిడ లేచి వెళ్లేలోపు ఫలితం చేతిలో ఉంటుంది. మిషన్ లేదు, కరెంటు అక్కర్లేదు. గాలివాన వచ్చి ఊరంతా చీకటైన రోజు కూడా టార్చ్ వెలుగులో గీతలు చదివాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి జోడు పరీక్షకు ముందస్తు ఆమోదం ఇచ్చింది 2015లో. గర్భిణులకు మొదటి పరీక్షగా దీన్నే వాడవచ్చని 2019లో చెప్పింది. నా దృష్టిలో దీని అసలు ప్రయోజనం సిఫిలిస్ వైపే ఉంది. హెచ్‌ఐవీ ఒక్కదాన్నే చూసే కిట్లు మాకు ముందే వచ్చేవి, దానికి బడ్జెట్టూ ఉండేది, అడిగేవాళ్లూ ఉండేవాళ్లు. సిఫిలిస్‌ను అడిగే నాథుడు లేడు. హెచ్‌ఐవీ బండి ఎక్కి అదీ వచ్చేసింది.

సిఫిలిస్‌కి వేసే మందు చూస్తే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే అది చాలా పాత మందు, చాలా మామూలు మందు. బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, పిరుదుకు ఒకవైపు 12, ఇంకోవైపు 12 లక్షలు. జబ్బు కొత్తదైతే ఒక్కసారి చాలు, ఎప్పటిదో తెలియకపోతే వారానికొకసారి చొప్పున మూడు వారాలు. కాన్పుకు కనీసం నెల ముందు పడితే బిడ్డ చాలావరకు క్షేమం. పడకపోతే గర్భంలోనే బిడ్డ పోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టాక దక్కకపోవడం లాంటివి సగానికి పైగా గర్భాల్లో జరుగుతాయి. ఒకావిడకు అంతకుముందు బిడ్డ చనిపోయి పుట్టింది. ఎందుకో ఎవరూ చెప్పలేదట. రెండోసారి నా దగ్గరకు నాలుగో నెలలో వచ్చింది. సిఫిలిస్ గీత సన్నగా పడింది. సన్నగా పడినా పడినట్టే. ఆ రోజే సూది వేశాను. "అప్పుడు కూడా ఇదేనా సిస్టర్?" అని అడిగింది. అయి ఉండవచ్చమ్మా, ఖాయంగా చెప్పలేను అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భర్తనూ వెంటబెట్టుకొచ్చింది, అతనికీ వేశాం. భర్తకు వేయకపోతే మళ్లీ అంటుకుంటుంది.

హెచ్‌ఐవీ గీత సంగతి వేరు. ఆ ఒక్క గీతను చూసి ఎవరికీ "ఉంది" అని చెప్పకూడదు. వేరే రకం కిట్లతో రెండోదీ మూడోదీ చేసి, అవీ పాజిటివ్ అయితేనే మాట. అందుకే ఆ రెండు రకాల కిట్లు కూడా అలమరలో లేకపోతే ఈ కిట్ ఒక్కటే తెప్పించవద్దు. ఒక మనిషిని సగం వార్తతో ఇంటికి పంపినట్టవుతుంది. మందులేవీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది, సరిగ్గా మందులు వాడితే 5 కంటే తక్కువకు దిగుతుంది. అంటే ఆలస్యం చేసే హక్కు మనకు లేదు, తొందరపడి నోరు జారే హక్కూ లేదు.

ఇక ఫిర్యాదులు. మొదటిది వేడి. డబ్బా మీద 30 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. ల్యాబు లేని చోట్ల కోసమే చేసిన వస్తువు ఇది. అలాంటి చోట్ల రేకుల కప్పు కింద మధ్యాహ్నం ఎంత ఉంటుందో చేసినవాళ్లు ఎప్పుడైనా వచ్చి కూర్చున్నారా? టీకాల ఫ్రిజ్‌లో పెడదామంటే అందులో టీకాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. చివరికి గదిలో అన్నిటికంటే చల్లటి మూల వెతికి, గోడకు ఒక థర్మామీటర్ కట్టి, రోజూ మధ్యాహ్నం అంకె రాస్తున్నాం. ఎండ ముదిరిన నెలల్లో తక్కువ కిట్లే తెప్పించుకుంటాం.

రెండోది, పేరు రాసే చోటు. క్యాసెట్ మీద గోరంత జాగా ఇచ్చారు. మొదటి నెలలో నేను తెలివితక్కువగా పేరు రేకు కవరు మీద రాసి, కవరు చింపి బల్ల మీద పెట్టాను. పక్కపక్కనే రెండు క్యాసెట్లు, ఒకదానికి గీత వచ్చింది. కవర్లు ఫ్యాను గాలికి కలిసిపోయాయి. ఏది ఎవరిదో తెలియలేదు. ఇద్దరికీ నిజం చెప్పి, క్షమించమని అడిగి, మళ్లీ వేళ్లు పొడిచాను. ఆ రోజు నుంచి నంబరు క్యాసెట్ మీదే, మార్కర్‌తో, రక్తం వేయకముందే.

ఆ 15 నిమిషాలూ క్యాసెట్ బల్ల మీద ఉంటే పక్కన కూర్చున్నవాళ్లంతా తొంగి చూస్తారు. గీతల అర్థం ఇప్పుడు అందరికీ తెలుసు. పాత చెప్పుల డబ్బా మూత బోర్లించి కప్పుతున్నాను. 20 నిమిషాలు దాటాక చదవకూడదు, ఆలస్యంగా వచ్చే గీతను నమ్మలేం. కిట్ సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే మిగతా గీతలు ఎంత అందంగా ఉన్నా పారేయాల్సిందే. టైమర్ డబ్బాలో రాదు, వంటింటి టైమర్ కొనుక్కున్నాను.

అన్నిటికంటే పెద్ద లోపం మాత్రం తయారీది కాదు, పరీక్ష స్వభావానిదే. ఇది సిఫిలిస్‌కి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తుంది. జబ్బు నయమైనా అవి చాలామందిలో జీవితాంతం ఉండిపోతాయి. అంటే ఇప్పుడు ఉందా, ఎప్పుడో వచ్చి పోయిందా అన్నది ఈ గీత చెప్పలేదు. ఒకావిడ మొదటి కాన్పుకే సూదులు వేయించుకుని నయం చేసుకుంది. రెండోసారి వచ్చినప్పుడు నేను సెలవులో ఉన్నాను, పాత కార్డు ఎవరూ అడగలేదు. గీత వచ్చింది. మర్నాడు భార్యాభర్తలిద్దరూ నా దగ్గరకు వచ్చారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా. పాత రిజిస్టరు తీసి, తేదీలు చూపించి, ఈ గీత పాతదే కావచ్చని విడమరిచి చెప్పడానికి గంట పట్టింది. అలాంటివాళ్లకు రక్తం పంపి ఆర్‌పీఆర్ (వీడీఆర్‌ఎల్ లాంటి ల్యాబ్ పరీక్ష) చేయించాల్సిందే. ఇదివరకే హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లకూ ఈ కిట్ వాడకూడదు. అందుకని ఇప్పుడు వేలు పట్టుకోకముందే "ఇదివరకు దీనికి సూదులు వేయించుకున్నావా అమ్మా? ఏమైనా మందులు వాడుతున్నావా?" అని అడుగుతాం, అదీ తలుపు వేసి.

తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. కిట్ల ఇండెంట్‌తో (సరుకు కావాలని పంపే కాగితం) పాటే పెన్సిలిన్ ఇండెంట్ పెట్టండి. మాకు ఒకసారి కిట్లు నిండుగా ఉండి పెన్సిలిన్ ఆరు వారాలు రాలేదు. గీత చూపించి "మళ్లీ రా అమ్మా" అనడానికీ, పాత ఎర్ర సిరా రిజిస్టరుకూ తేడా ఏముంది? పెన్సిలిన్ అంటే రియాక్షన్ భయంతో కొందరు సిస్టర్లు వేయడానికి వెనకాడతారు. రియాక్షన్ వస్తే వేయాల్సిన అడ్రినలిన్ ట్రేలో పెట్టుకుని, వేశాక అరగంట కూర్చోబెట్టండి. ఆ మందు పాలలా చిక్కగా ఉంటుంది, సన్న సూదిలో అడ్డం పడుతుంది, లావు సూది తీసుకోండి. నొప్పి ఉంటుందని ముందే చెప్పండి.

ఇంకొకటి, ఈ కిట్ వచ్చిందని హెపటైటిస్ బి, హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రోటీన్ చూడటం మానేయవద్దు. మా దగ్గర మొదటి నెల అదే జరిగింది. జబ్బులు అంటుకునే ప్రమాదం ఎక్కువున్న చోట ఏడెనిమిది నెలలప్పుడు ఇంకోసారి పరీక్ష కూడా చేయాలి, మొదట్లో నెగటివ్ వచ్చినవాళ్లకు తర్వాత సోకవచ్చు.

అయిదుకు నాలుగిస్తాను. ఒకటి తీసేసింది వేడికి. పిప్పెట్లు ప్రతి డబ్బాలోనూ ఒకటో రెండో తక్కువ వస్తున్నాయి, దానికి అర మార్కు తీయాలనుకుని ఊరుకున్నాను.