మగపందికి ఏ జీన్ టెస్ట్ ముందు: హాలోథేనా, ఆర్‌ఎన్‌నా?

బ్రీడింగ్‌కి మగపందిని కొనబోయేవాళ్లు ఎప్పుడూ అడిగేదే: మాంసం బాగుండాలంటే ఏ టెస్ట్ చేయించాలి? అన్నిటికీ డబ్బు పెట్టలేం కదా. నన్నడిగితే ముందు హాలోథేన్, మిగతావి తర్వాతే.

మాంసాన్ని బాగా చెడగొట్టేవి రెండు జీన్‌లు. ఒకటి ఆర్‌వైఆర్1, అందరూ హాలోథేన్ జీన్ అనేది. రెండోది పీఆర్‌కేఏజీ3, అంటే ఆర్‌ఎన్. ఆర్‌ఎన్ దోషం ఉంటే కండలో గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర, కోశాక ఆమ్లంగా మారుతుంది) 70 శాతం దాకా ఎక్కువ ఉంటుంది, అందుకే కోశాక పీహెచ్ (ఆమ్లం ఎక్కువైతే తగ్గే కొలత) ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా దిగుతుంది. ఉడికిస్తే తూకం తగ్గుతుంది. హామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది తొడమాంసం) తయారుచేసేవాళ్లకి అది పెద్ద నష్టమే గానీ, కూరకి పచ్చిమాంసం అమ్ముకునే మనకి అంత దెబ్బ కాదు. పైగా అది ముఖ్యంగా హాంప్‌షైర్ జాతి సమస్య. ఆ సంకరాలు పెంచే ఈశాన్య రాష్ట్రాల వాళ్ల లెక్క వేరు.

హాలోథేన్ అలా కాదు, కనబడకుండా మందలో తిరుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ప్రతి జీన్‌కీ రెండు కాపీలుంటాయి; దోషమున్న కాపీ ఒక్కటే ఉన్న పంది ఆరోగ్యంగానే ఉంటుంది, కాస్త ఎక్కువ కండ కూడా పడుతుంది. ఎంచుకునేటప్పుడు కంటికి ఆనేది అదే! అలాంటి రెండింటిని కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి దోషమున్న కాపీలే రెండూ వస్తాయి. ఎండలో లారీ ఎక్కించేసరికి వణికి, ఒళ్లు ఎర్రమచ్చలు తేలి కూలబడేది ఆ పందే. బతికి కబేళాకి చేరినా, కోసిన 45 నిమిషాల్లో, ఒళ్లు చల్లారకముందే పీహెచ్ 6 కంటే కిందికి పడిపోతుంది. మాంసం పాలిపోయి, వదులై, ట్రేలో నీళ్లు కారుతుంది.

పూర్వం పందిపిల్లల మూతికి మాస్క్ పెట్టి హాలోథేన్ అనే మత్తుమందు పీల్పించేవారు, జీన్‌కి ఆ పేరు అందుకే. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటే దోషం ఉన్నట్టు. ఒక కాపీ ఉన్నవి మాత్రం తప్పించుకునేవి. 1991లో ఆ జీన్‌లోని మార్పు తేలాక నాలుగు వెంట్రుకల కుదుళ్లతో చేసే జీన్ టెస్ట్‌లో అవీ దొరుకుతున్నాయి. పియెట్రెయిన్, బెల్జియన్ లాండ్రేస్ జాతుల రక్తం ఉంటే ఈ టెస్ట్ లేకుండా కొనొద్దు.

ఐజీఎఫ్2 అనే ఇంకో జీన్‌లోని ఒక రకం కండని పెంచి కొవ్వు తగ్గిస్తుంది. తండ్రి నుంచి వచ్చిన కాపీయే పనిచేస్తుంది కాబట్టి మగపందిలో చూడొచ్చు, కానీ అది దిగుబడి సంగతి. మాంసం మెత్తదనానికి కాల్‌పాస్టాటిన్ జీన్ చూడమంటారు. డబ్బు మిగిలితే చూసుకోండి.

ఇంకో మాట. రిపోర్ట్‌లో ఏ దోషమూ లేదని వచ్చినా, కబేళా దగ్గర కర్రతో తరిమితే మళ్లీ ఆ పాలిపోయిన మాంసమే. లారీ దించాక రెండు మూడు గంటలు నీళ్లిచ్చి నీడలో పడుకోనివ్వండి.