పియోసాల్వర్: లోతైన స్టాక్‌లకు ఎంతవరకు పనికొస్తుంది?

పియోసాల్వర్ అంటే పోకర్‌లో ఏ ఎత్తు మేలో లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్. బటన్ (ఫ్లాప్ నుంచి చివరగా ఆడే స్థానం) నుంచి 2.5 బిగ్ బ్లైండ్‌లకు (తప్పనిసరి పందెం; ఇక్కడ కొలమానం) రెయిజ్ చేశాక, బిగ్ బ్లైండ్ స్థానంలోని ఆటగాడు మాత్రమే కాల్ చేసిన 5.5 బ్లైండ్‌ల పాట్‌లో (పందేల మొత్తంలో), తొమ్మిది, ఎనిమిది, నాలుగు తెరిచిన ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి కార్డులు) మీద మనం 1.8 పందెం కాస్తే, ఎదుటివారు 7కు చెక్-రెయిజ్ (ముందు పందెం కాయకుండా వదిలి, మన పందెం తరువాత పెంచడం) చేశారనుకుందాం. కాల్‌కు 5.2 చాలు, అంటే దాదాపు 27 శాతం ఈక్విటీ (పాట్‌లో మన గెలుపు వాటా) ఉంటే సరిపోతుంది. కానీ ఇద్దరి దగ్గరా 200 బ్లైండ్‌లు, అంటే లోతైన స్టాక్‌లు, ఉన్నప్పుడు, కాల్ తరువాత కూడా పాట్‌కు సుమారు పది రెట్లు వెనుక మిగిలే ఉంటుంది కనుక, ఆ లెక్కతోనే నిర్ణయం తేలదు.

పియోసాల్వర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. నేనిచ్చిన రేంజ్‌లకు (ఒక్కొక్కరి దగ్గర ఉండగల చేతుల జాబితాలకు) అది ఏస్‌ల జతతో తిరిగి రెయిజ్ చేయడం కంటే కాల్‌నే ఎక్కువగా ఎంచుకుంది. మళ్ళీ రెయిజ్‌కు ప్రధానంగా సెట్‌లను (చేతిలోని జతకు ఫ్లాప్‌లో అదే కార్డు కలిసినవి), బలమైన డ్రాలను (ఇంకో కార్డు వస్తే పూర్తయ్యే చేతులను) వాడింది. పొజిషన్ మనదైతే, అంటే మనం చివర ఆడేవారమైతే, తొందర దేనికన్న పాఠం నాకు బాగా నచ్చింది.

ఇద్దరు ఆటగాళ్ల పాట్‌లకే ఇది పరిమితం. పైగా మనమిచ్చే రేంజ్‌లు తప్పైతే జవాబూ తప్పే. చిన్న స్టేక్‌లలో చాలామంది చెక్-రెయిజ్‌తో తగినంత బ్లఫ్ చేయరని నా అభిప్రాయం, కాబట్టి బలహీనమైన ఒంటి జతలను ఇది చెప్పినదానికన్నా ఎక్కువగానే ఫోల్డ్ చేస్తాను. ఆట నడుస్తుండగా దీన్ని తెరవడం పోకర్ సైట్ల నిబంధనలకు విరుద్ధం. తెలంగాణలో 2017 నుంచి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలపై నిషేధముంది కనుక, అక్కడివారికి ఇది అధ్యయన పరికరం మాత్రమే.