రొయ్యల రేట్ల సైటు ముందు వార్నిష్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

పొద్దున్న ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మా సైటుకు తీర్థంలో ఉన్నంత రద్దీ. భీమవరం, ఆకివీడు, ఉండి, కాళ్ల చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఉన్నవాళ్లంతా ఒకేసారి ఫోన్ తీసి రొయ్యల రేటు చూస్తారు. 30 కౌంటు ఎంత, 50 ఎంత, 100 ఎంత అని. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు కాబట్టి ఇక్కడ చిన్న అంకెకే పెద్ద రేటు. ఇవాళే పట్టుబడి పెట్టుకోవాలా, ఇంకో నాలుగు రోజులు మేత వేయాలా అన్నది ఆ పేజీ చూసే తేల్చుకుంటారు. రేటు మారేది రోజుకు ఒకటి రెండు సార్లు. చూసేది వేల సార్లు. అంటే మారని పేజీనే పీహెచ్‌పీ (పేజీని తయారుచేసే ప్రోగ్రాం భాష), డేటాబేసు కలిసి ప్రతి మనిషికీ కొత్తగా వండి వడ్డిస్తున్నాయన్నమాట. ఆ వంట ఆపడానికి 2016 చివర్లో వార్నిష్ పెట్టాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఇది వెబ్ సర్వరుకు ముందు కూర్చునే ప్రోగ్రాం. వచ్చిన రిక్వెస్టును ముందు తనే చూస్తుంది. జవాబు తన దగ్గర ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే వెనకున్న సర్వరును అడిగి తెచ్చి, ఒక కాపీ దాచుకుని ఇస్తుంది. నార్వేలో వీజీ అనే పత్రిక సైటు కోసం పుట్టి 2006లో బయటికొచ్చింది. ప్రధానంగా రాసినవాడు పౌల్-హెన్నింగ్ కాంప్ అనే డెన్మార్క్ ప్రోగ్రామరు. ఉచితం, ఓపెన్ సోర్స్. నేను ఉబుంటు 16.04తో వచ్చిన 4.1తో మొదలుపెట్టి, ఇప్పుడు 6.0 మీద ఉన్నాను. నడిచేది 2 జీబీ ర్యామున్న అద్దె సర్వరులో. అంతకన్నా పెద్దది తీసుకునే స్తోమత అప్పుడు లేదు, అవసరం ఇప్పటికీ రాలేదు.

పెట్టిన మొదటి వారం అది ఏ పనీ చేయలేదు. సర్వరు మీద భారం అలాగే ఉంది, పైగా మధ్యలో ఇంకొకడు చేరాడు. దాని లెక్కలు చూపే వార్నిష్‌స్టాట్ తెరిచి కూర్చుంటే హిట్ల అంకె, అంటే దాచిన కాపీ నుంచే ఇచ్చిన జవాబుల లెక్క, కదలడం లేదు. చివరికి తేలింది కుకీల గొడవ. కుకీ అంటే సైటు మన బ్రౌజరులో పెట్టే చిన్న గుర్తు చీటీ. రిక్వెస్టులో కుకీ కనిపిస్తే అది ఎవరో ఒక మనిషి సొంత పేజీయేమో అని వార్నిష్ దాన్ని ముట్టుకోకుండా వెనక్కి పంపేస్తుంది. ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ మేం పెట్టాం, అది ప్రతి ఫోనులోనూ కుకీ వేస్తుంది. మా సర్వరుకు ఆ కుకీతో పనే లేదు, అయినా బ్రౌజరు ప్రతిసారీ మోసుకొస్తుంది. రేట్ల పేజీలకు వచ్చే రిక్వెస్టుల్లోంచి కుకీ హెడర్ (పేజీతో పాటు తెర వెనక నడిచే సమాచార వరుస) తీసేయమని నాలుగు వరుసలు రాశాక అంకె పరుగెత్తింది. కొన్నాళ్లకు ఫేస్‌బుక్ లింకుల వెనక ఎఫ్‌బీక్లిడ్ అనే తోక మొదలైంది. ప్రతి క్లిక్కుకూ ఒక కొత్త తోక, కాబట్టి వార్నిష్ కళ్లకు ప్రతిదీ కొత్త పేజీయే. ఆ తోక కోయడానికి ఇంకో రెండు వరుసలు.

ఈ వరుసలు రాసే భాష పేరు వీసీఎల్. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది అదే. రిక్వెస్టు లోపలికి రాగానే ఏం చేయాలి, వెనక నుంచి జవాబు వచ్చాక ఏం చేయాలి, చేతికిచ్చేముందు ఏం చేయాలి అని ఒక్కో మలుపు దగ్గరా మనమే రాసుకోవచ్చు. రాసింది సీ భాషలోకి మారి, కంపైల్ అయ్యి, నడుస్తున్న ప్రోగ్రాంలోకే ఎక్కుతుంది. తప్పు రాస్తే కంపైల్ దగ్గరే ఆగిపోతుంది, పాతది నడుస్తూనే ఉంటుంది. రీలోడ్ చేసినా దాచిన పేజీలు పోవు. ఎనిమిది గంటల రద్దీలో కూడా టీ తాగుతూ వీసీఎల్ మార్చిన రోజులున్నాయి. అప్పట్లో 4.1కి రాసిన ఫైలు 6.0 దాకా నాతో దాదాపు అలాగే వచ్చింది, ఈ రంగంలో అది చిన్న విషయం కాదు.

కంపైల్ అయినంత మాత్రాన రాసింది మంచిదని కాదు. 2017 వేసవిలో నేను చేసిన వెధవ పని చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు.

సైటులో రైతులకు లాగిన్ ఉంది. లోపల ఎవరి మేత ఖాతా వాళ్లకు కనిపిస్తుంది, ఎన్ని బస్తాలు తీసుకున్నారు, ఎంత బాకీ ఉన్నారు అని. హిట్లు ఇంకా పెంచుదామన్న యావలో పడ్డాను. వార్నిష్‌లో మనం రాసిన వీసీఎల్ అయిపోయాక దాని సొంత వీసీఎల్ ఒకటి నడుస్తుంది. కుకీ ఉంటే దాచకు, జవాబులో సెట్-కుకీ (కుకీ వేసే హెడర్) ఉంటే దాచకు, దాచడం గురించి చెప్పే హెడర్ అయిన క్యాష్-కంట్రోల్‌లో ప్రైవేట్ అనో నో-స్టోర్ అనో ఉంటే దాచకు అన్న జాగ్రత్తలన్నీ అందులోనే ఉంటాయి. మనం మధ్యలో రిటర్న్ అని రాసేస్తే నడక అక్కడే తెగి ఆ కాపలా దాకా పోదు. నేను రిక్వెస్టు వచ్చే చోటా, జవాబు వచ్చే చోటా రెండు రిటర్న్‌లు రాశాను. సెట్-కుకీ తీసేశాను. అన్ని పేజీలకూ కలిపి రెండు నిమిషాల ఆయుష్షు పెట్టాను. పీహెచ్‌పీ పాపం సెషన్ (లాగిన్ గుర్తు) ఉన్న పేజీలకు ఎక్స్‌పైర్స్ హెడర్‌లో 1981 నవంబరు 19 అని పంపుతూనే ఉంది. దాని అలవాటు తేదీ అది, ఎప్పుడో గడువు తీరిపోయింది, దాచొద్దు అని చెప్పడానికి. నా రెండు నిమిషాలు దాన్ని తొక్కుకుంటూ పోయాయి.

సాయంత్రం ఫోను మోగింది. "ఏవండీ, నా ఫోన్లో ఇంకెవరిదో పేరు వస్తందండి. మేత బాకీ నాలుగు లక్షలంట. నాకంత బాకీ ఎక్కడిదండీ బాబూ!"

వార్నిష్ ఆపేసి, ఆ పేజీ ఎవరిదో వెతికి, ఆయన ఊరికే వెళ్లాను. ఇక్కడ బాకీ అంకె పక్క ఊరివాడి కంట పడటమంటే పరువు సంగతి. ఆయన "రెండు నిమిషాలే కదండీ" అన్నారు గానీ లాగిన్ అవ్వడం ఆ రోజుతో మానేశారు. ఇప్పటికీ ఖాతా పుస్తకంలోనే రాసుకుంటారు. నేను మాత్రం ఖాతా పేజీలన్నిటినీ వేరే దారి కిందకు మార్చి, వీసీఎల్ మొదటి వరుసలోనే వాటిని పాస్ చేసేశాను, అంటే దాచకుండా నేరుగా వెనక్కి పంపేశాను. అప్లికేషను కూడా తన వైపు నుంచి ప్రైవేట్, నో-స్టోర్ పంపుతుంది. రెండు తాళాలు. నో-క్యాష్ ఒక్కటి పెడితే చాలదా అని కొత్త కుర్రాళ్లు అడుగుతారు. నో-క్యాష్ అంటే దాచుకో, కానీ ఇచ్చేముందు ప్రతిసారీ అడుగు అని అర్థం. అసలు దాచకు అనడానికి నో-స్టోరే ఉంది. ఆ పేర్లు పెట్టినవాళ్లను ఏమనాలో తెలియదు.

రేటు మారే నిమిషంలో చూడాలి దీని పనితనం. పాత పేజీని పర్జ్ చేయగానే, అంటే దాచిన కాపీని తుడిచేయగానే, ఒక్కసారి వందమంది అడిగినా, వెనక్కి పోయేది ఒక్క రిక్వెస్టే. మిగతావాళ్లను నిలబెట్టి, జవాబు రాగానే అందరికీ పంచుతుంది. ఇంతకుముందు ఆ నిమిషంలోనే మా డేటాబేసు పడకేసేది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. దాచకూడని పేజీకి ఊరికే ఆయుష్షు సున్నా అని రాస్తే, జనం ఒకరి వెనక ఒకరు వరసకట్టి ఒక్కొక్కరుగా వెళ్తారు, పండక్కి ఊరెళ్లే రైలు టికెట్ కౌంటరులాగా. దగ్గరలోని కొనుగోలుదార్లను చూపే పేజీకి నేను అదే చేసి, ఎందుకింత నెమ్మది అని మూడు రోజులు జుట్టు పీక్కున్నాను. ఆయుష్షు సున్నా చేయడం కాదు, ఇది దాచేది కాదు అని గుర్తు పెట్టాలి. అప్పుడు ఆ సంగతి కాసేపు గుర్తుంచుకుని ఎవరినీ నిలబెట్టదు.

గ్రేస్ గురించి నా అభిప్రాయం రెండుసార్లు మారింది. ఆయుష్షు తీరిన పేజీని కూడా, కొత్తది వచ్చేదాకా ఇంకొంతసేపు ఇవ్వొచ్చు అని చెప్పే సదుపాయం అది. మామూలుగా 10 సెకన్లు ఉంటుంది. వెనక సర్వరు పడిపోయినా సైటు బతికే ఉంటుందని నేను అన్ని పేజీలకూ ఆరు గంటలు పెట్టి గర్వపడ్డాను. 2022 జులై వరదకు మేం ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం పేజీ కూడా పెట్టాం. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉన్నవాళ్లకు ఈ మూడు అంకెలూ నోటికి వచ్చు. ఆ రాత్రి నా డేటాబేసు ఆగిపోయింది, ఇండెక్సు వేయని నా క్వెరీ వల్లే. వార్నిష్ నేను చెప్పినట్టే పాత పేజీని నమ్మకంగా ఇస్తూ పోయింది. సైటు చక్కగా నడుస్తుందనుకుని నేను పడుకున్నాను.

"గోదారి గుమ్మంలోకి వస్తంది, మీ దాంట్లో ఇంకా రెండో హెచ్చరికే ఉందేంటండీ?" లంక నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేసి అడిగాడు. బంధువు కాబట్టి అండీ అన్నది వెటకారమే.

రొయ్యల రేటు ఒక గంట పాతదైతే ఎవరికీ ప్రాణం పోదు. నీటిమట్టం సంగతి వేరు. ఏది ఎంతసేపు పాతబడొచ్చో ఆ పేజీ చూసేవాడి పరిస్థితిని బట్టి ఉంటుంది, నేనేమో అన్నిటికీ ఒకే అంకె రాసి పడుకున్నాను. ఇప్పుడు నీటిమట్టం పేజీకి గ్రేస్ అరనిమిషం. కొలత తీసిన సమయం అంకె కన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కొత్త కొలత రాకపోతే పేజీ రాదు, కంట్రోల్ రూముకు ఫోన్ చేయండి అన్న ముక్క వస్తుంది. రేట్ల పేజీకి ఆరు గంటల గ్రేస్ అలాగే ఉంచాను.

వెనక సర్వరు అందనప్పుడు వార్నిష్ చూపే 503 ఎర్రర్ పేజీలో గురు మెడిటేషన్ అని ఉంటుంది. పాత అమిగా కంప్యూటర్ల ఎర్రర్ సందేశం నుంచి వచ్చిన జోకు. మా కొనుగోలుదారు ఒకాయన "మీ సైట్లో ధ్యానం క్లాసులు కూడా పెట్టారాండీ" అని అడిగాక తెలుగులో నా సొంత పేజీ రాసుకున్నాను.

మన చేతిలో లేని క్యాష్ (కాపీలు దాచే చోటు) ఇంకొకటి ఉంది, ఫోనులోని బ్రౌజరుది. వార్నిష్‌ను పర్జ్ చేయగలం, చెరువు గట్టు మీది ఫోన్‌ను చేయలేం. అందుకే రేట్ల పేజీకి బ్రౌజరు చదివే మ్యాక్స్-ఏజ్ సున్నా, మధ్యలో ఉన్నవాళ్లు చదివే ఎస్-మ్యాక్స్ఏజ్ పది నిమిషాలు. జావాస్క్రిప్టు ఫైళ్లకు ఏడాది పెట్టి, మారినప్పుడల్లా పేరే మారుస్తాం. పేరు మార్చకుండా ఏడాది పెట్టిన రోజు కూడా ఉంది, దాని గురించి ఇంతే చెప్తాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. నేను వాడే వెర్షన్‌కు హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసిన కనెక్షన్) రాదు. ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వరు పెట్టి తాళం అక్కడ తీయించాలి, అంటే ఇంకో పొర, ఇంకో ఫైలు. తాళం లేని హెచ్‌టీటీపీ నుంచి తాళం ఉన్నదానికి మళ్లించే జవాబును, అసలు పేజీని ఒకే పేరు మీద దాచేసి, సైటు గిరగిరా తిరిగే తప్పు నేనూ చేశాను. మెమరీ లెక్క కూడా మోసం చేస్తుంది. 1.5 జీబీ ఇచ్చాను కదా, అంతే తింటుంది అనుకున్నాను. గ్రేస్‌తో కలిపి పదిసెకన్ల లోపు ఆయుష్షు ఉన్నవీ, పాస్ చేసినవీ ట్రాన్సియెంట్ అనే వేరే గదిలోకి పోతాయి, ఆ గదికి మనం కట్టకపోతే గోడల్లేవు. 2 జీబీ సర్వరులో మెమరీ చాలక కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండె) వార్నిష్‌ను చంపేసింది, మళ్లీ లేచేసరికి దాచినవన్నీ మాయం. ఇప్పుడు 768 ఎంబీ ఇచ్చి, ఆ గదికీ హద్దు పెట్టాను.

ఎవరికి పనికొస్తుందంటే, ఒకే పేజీని ఎక్కువమంది చూసే సైట్లకు. చిన్న దుకాణం సైటుకైతే ఎన్‌జింక్స్‌లో ఉన్న క్యాషే సరిపోతుంది, వీసీఎల్ నేర్చుకునే శ్రమ దండగ. ప్రతి మనిషికీ వేరే పేజీ వచ్చే అప్లికేషనుకు అసలొద్దు. పెట్టేవాళ్లు మాత్రం వార్నిష్‌లాగ్ చదవడం ముందు నేర్చుకోండి. ఒక రిక్వెస్టు ఏ మలుపులో ఏమైందో వరుస వరుసా చెప్తుంది, నా తప్పులన్నీ నాకు పట్టిచ్చింది అదే. అంత ఓపిక లేకపోతే బ్రౌజరులో ఎక్స్-వార్నిష్ హెడర్ చూడండి. ఒక అంకె ఉంటే ఇప్పుడే తెచ్చింది, రెండుంటే దాచినది. పక్కన ఏజ్ అని ఉన్నది ఆ కాపీ వయసు సెకన్లలో.

రేట్లు ఎక్కించే కుర్రాడికి కంప్యూటరు చదువు లేదు, పట్టుబడి లెక్కలు రాసేవాడు. సేవ్ నొక్కగానే పర్జ్ దానంతటదే జరిగిపోయేట్టు పెట్టాను, అయినా వాడు నమ్మడు. రోజూ తన ఫోన్లో రేటు చూసి నాకు మెసేజ్ పెడతాడు. ల్యాప్‌టాప్‌లో హెడర్లు ఎలా తెరవాలో ఒకసారి చూపించాను. అప్పట్నుంచి ఎనిమిది గంటలకు వచ్చే మెసేజ్ మారింది: "అన్నయ్యా, 30 కౌంటు మార్చాను. ఏజ్ సున్నా వచ్చింది."