రేజర్‌పే పేమెంట్ లింకులు: మొదటి పది మంది కస్టమర్ల దాకా ఇవి చాలు

ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ వేళల్లో, సొంత డబ్బుతో చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు చాలామంది డబ్బు తీసుకునే ఏర్పాటు దగ్గరే నెలల తరబడి కాలం పోగొట్టుకుంటారు. మూడు ప్లాన్లు, ఆటోమేటిక్ రెన్యువల్, కూపన్ కోడ్లు అన్నీ కట్టేస్తారు. డబ్బు కట్టే మనిషి మాత్రం ఇంకా ఒక్కడూ దొరికి ఉండడు. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవడానికి వ్యాపారులు వాడే రేజర్‌పేలో సబ్‌స్క్రిప్షన్లు (గడువు రాగానే డబ్బు దానంతటదే తీసుకునేవి), చెకౌట్, పేమెంట్ పేజీలు ఇలా చాలా సరుకు ఉంది. మొదటి పది మంది కోసం అందులో నిజంగా పనికొచ్చేది పేమెంట్ లింక్ ఒక్కటే, అంటే నొక్కితే డబ్బు కట్టే పేజీ తెరుచుకునే లింకు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానిదే.

లెక్కలు గాల్లో చెప్పకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మన ఊళ్లలో ఉండే మినరల్ వాటర్ ప్లాంట్లకు లెక్కలు చూసే యాప్. ఏ ఇంటికి ఎన్ని 20 లీటర్ల క్యాన్లు వేశారు, ఖాళీ క్యాన్లు ఎన్ని తిరిగొచ్చాయి, ఎవరి బాకీ ఎంత, అంతే. ధర ఏడాదికి 3,600 రూపాయలు.

ముందు ఖాతా సంగతి. కంపెనీ రిజిస్టర్ చేయనక్కర్లేదు. ప్రొప్రైటర్‌గా పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు, వెబ్‌సైటు ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వ్యాపారానికి రుజువుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే తీసుకుని ఉంచుకోండి, ఆధార్‌తో ఉచితంగా వస్తుంది. దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు ఒకేలా లేకపోవడం. మన ఇంటిపేర్లతో ఇది మరీ ఎక్కువ: ఒకచోట పూర్తి ఇంటిపేరు, ఇంకోచోట పొడి అక్షరం ఉంటుంది. రెండోది వెబ్‌సైటు. 'త్వరలో వస్తోంది' అని రాసిన ఖాళీ పేజీ పెడితే పని కాదు. నిబంధనలు, గోప్యతా విధానం, రీఫండ్ విధానం, సంప్రదించాల్సిన ఫోనూ చిరునామా ఉన్న పేజీ, ధరలు ఇవన్నీ లాగిన్ అవకుండానే కనిపించాలి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని. కోడ్ రాయడం మొదలుపెట్టిన వారంలోనే దరఖాస్తు పడేస్తే, యాప్ తయారయ్యేసరికి ఖాతా కూడా సిద్ధంగా ఉంటుంది.

లింక్ తయారుచేయడానికి కోడ్ అక్కర్లేదు. డ్యాష్‌బోర్డులో మొత్తం, వివరణ, కస్టమర్ ఫోను, రిఫరెన్స్ నంబరు, గడువు తేదీ నింపితే లింక్ చేతికొస్తుంది. వివరణలో 'సాఫ్ట్‌వేర్ చార్జీలు' అని రాయకండి. ప్లాంటు పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని ఫోన్లలో వాడుకోవచ్చు అనేవి రాయండి. ఏడాది తర్వాత 'ఇది దేనికి కట్టాం?' అని యజమాని అడిగితే జవాబు అక్కడే ఉంటుంది. రిఫరెన్స్ నంబరు ప్రతి లింకుకూ వేరుగా ఉండాలి. ప్లాంటు కోడ్, ఏడాది కలిపి రాస్తే తర్వాత మీ డేటాబేసుతో సరిచూసుకోవడం తేలిక. ఒకేసారి 3,600 కట్టలేనివాళ్ల కోసం విడతలుగా కట్టే వీలు కూడా ఉంది. పాక్షిక చెల్లింపు అనే గడిలో టిక్ పెడితే చాలు, అదే లింకులో ఈ నెల కొంత, వచ్చే నెల మిగతాది కట్టొచ్చు. చిన్న వ్యాపారులతో పనిచేసేవాళ్లకు ఇది ఎంత ఉపకారమో చెప్పలేను.

లింకును రేజర్‌పేయే ఎస్ఎంఎస్‌లో పంపగలదు. ఆ గడిలో టిక్ తీసేయమనే నా సలహా. తెలియని చోటు నుంచి, ఇంగ్లీషులో, డబ్బు కట్టమంటూ లింకు వస్తే ఈ రోజుల్లో ఎవరైనా మోసమనే అనుకుంటారు, అనుకోవాలి కూడా. లింకు కాపీ చేసి, మీ నంబరు నుంచే వాట్సాప్‌లో తెలుగులో రాయండి: 'అన్నా, పొద్దున మాట్లాడుకున్న క్యాన్ల లెక్కల యాప్ ఏడాది చార్జీ 3,600. ఈ లింకు నొక్కితే ఫోన్‌పే, గూగుల్ పే ఏదైనా వస్తుంది. కట్టేటప్పుడు మా యాప్ పేరు గానీ రేజర్‌పే పేరు గానీ కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఆదివారం దాకా పనిచేస్తుంది.' పేరు గురించిన ఆ ఒక్క వాక్యం వదిలేస్తే, సగంలో ఆగి మీకు ఫోన్ చేస్తారు. డ్యాష్‌బోర్డు సెట్టింగుల్లో బ్రాండు పేరును యాప్ పేరుగా మార్చుకోవడం కూడా మరిచిపోవద్దు.

ఈ లింకుకు ఇంకో పని ఉంది, దాని అసలు విలువ అదే. 'బాగుంది బాబూ, చూద్దాం' అన్న మాటకూ, కట్టిన 3,600 రూపాయలకూ మధ్య ఎంత దూరం ఉందో ఇది మూడు రోజుల్లో చెప్పేస్తుంది. డెమో అవగానే, ఎదురుగా ఉండగానే, మూడు రోజుల గడువుతో పంపండి. పొద్దున ఆటోలకు క్యాన్లు ఎక్కించే వేళ వెళ్తే ఎవరూ మాట్లాడరు, మధ్యాహ్నం వెళ్లాలి. వాళ్ల పాత ఖాతా పుస్తకంలోంచి ఒక వీధి పద్దులు మీరే ఎక్కించి, వాళ్ల కస్టమర్ల పేర్లతోనే బాకీ జాబితా చూపించండి. ఖాళీ యాప్ చూపిస్తే మెచ్చుకుని పంపేస్తారు. సొంత బాకీలు తెరమీద కనిపిస్తే ప్రశ్నలు వేస్తారు. గడువు దాటినా కట్టలేదంటే కారణం అడగండి. 'మా కుర్రాడికి ఫోన్ వాడటం రాదు' అంటే అది యాప్ సమస్య. 'ఇంత చిన్న ప్లాంటుకు ఎందుకులే' అంటే మీరు వెళ్లిన చోటే తప్పు, పెద్ద ప్లాంటుకు వెళ్లాలి. ధర ఎక్కువంటే మాత్రం వెంటనే తగ్గించకండి. ఐదారుగురు అదే మాట అంటే అప్పుడు ఆలోచించండి. ఇద్దరు ముగ్గురు కట్టాక, ప్లాంట్లకు ఆర్‌ఓ మెషిన్లు సర్వీసు చేసే మెకానిక్‌తో మాట్లాడండి. జిల్లాలో ప్రతి యజమానీ అతనికి తెలుసు. ఆన్‌లైన్ ప్రకటనలకు పెట్టే డబ్బు అతనికి కమీషన్‌గా ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఖర్చు సంగతి. రేజర్‌పే మామూలు రేటు 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. అంటే వందకు 2 రూపాయల 36 పైసలు. 3,600లో 84 రూపాయల 96 పైసలు పోయి, 3,515 రూపాయల 4 పైసలు మీ చేతికొస్తాయి. మామూలుగా రెండు పనిదినాల్లో బ్యాంకులో పడతాయి. 'నా ఫోన్‌పే నంబరుకే వేయించుకుంటే రూపాయి పోదు కదా' అనే వాదన సబబే. మొదటి ఇద్దరు ముగ్గురికి నష్టమేమీ లేదు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు కట్టారో బ్యాంకు స్టేట్‌మెంటులో ఇంటి ఖర్చుల మధ్య వెతుక్కోవాలి. డబ్బు వాపసు ఇస్తే దానికి పద్దు ఉండదు. కార్డుతో కట్టేవాళ్లకు దారే ఉండదు. ఆ 85 రూపాయలు శుభ్రమైన లెక్కకు ఇచ్చే కూలి అనుకోవచ్చు.

వాపసు దగ్గర రెండు మెలికలున్నాయి. డబ్బు తిరిగిచ్చినా మొదట తీసుకున్న రుసుము వెనక్కి రాదు, అంటే 3,600 వాపసుకు 84.96 మీ జేబులోంచే. ఇంకొకటి, వాపసు మీ రేజర్‌పే బ్యాలెన్సులోంచి వెళ్తుంది. వచ్చిందంతా అప్పటికే బ్యాంకుకు చేరిపోయి ఉంటే బ్యాలెన్సు చాలక వాపసు ఆగిపోతుంది. '15 రోజుల్లో నచ్చకపోతే డబ్బు వాపసు' అని మాటిచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కస్టమర్ ఖాతాలో పడటానికి ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుందని కూడా ముందే చెప్పండి.

మొదటి ఐదుగురికి యాప్‌లో ఖాతా మీరే చేత్తో ఆన్ చేయండి, వెబ్‌హుక్ (డబ్బు పడగానే రేజర్‌పే మీ సర్వరుకు పంపే కబురు) కూడా అక్కర్లేదు. తర్వాత ఏపీఐతో, అంటే మీ కోడే రేజర్‌పేతో మాట్లాడేలా, కలిపేటప్పుడు జనం ఎక్కువగా తప్పులు చేసే చోట్లు ఇవి. మొత్తం పైసల్లో పంపాలి: 3,600 రూపాయలంటే 360000. 3600 అని పంపితే కస్టమర్ 36 రూపాయలు కట్టి హాయిగా వాడుకుంటాడు. రెండోది, చెల్లింపు అయ్యాక బ్రౌజరు మీ పేజీకి తిరిగొస్తుందని నమ్మి అక్కడే ఖాతా ఆన్ చేయడం. యూపీఐలో మనిషి ఫోన్‌పేలోకి వెళ్లి, పిన్ కొట్టి, ఫోన్ జేబులో పెట్టేసుకుంటాడు. మీ పేజీకి తిరిగి రాడు. అందుకని లింకు చెల్లింపు పూర్తయిందని రేజర్‌పే సర్వరు నుంచి వచ్చే వెబ్‌హుక్‌నే ఆధారంగా తీసుకోవాలి.

ఆ వెబ్‌హుక్ నిజంగా రేజర్‌పే నుంచే వచ్చిందని తెలియడానికి, దాంతో పాటు వచ్చే సంతకాన్ని, వెబ్‌హుక్ పెట్టేటప్పుడు మీరిచ్చిన రహస్య పదంతో (ఏపీఐ కీ కాదు) హెచ్‌మ్యాక్ షా-256 అనే పద్ధతిలో లెక్కగట్టి సరిచూడాలి. వచ్చిన సందేశం (బాడీ) అక్షరం మారకుండా ఉన్నప్పుడే అది సరిపోతుంది. ఎక్స్‌ప్రెస్ లాంటి ఫ్రేమ్‌వర్కు ముందే జేసన్‌గా విప్పేసి, మీరు దాన్ని మళ్లీ స్ట్రింగుగా మారిస్తే ఖాళీలు, అంకెల రూపం మారి సంతకం తప్పు అని వస్తుంది. విసుగొచ్చి ఆ తనిఖీనే తీసేసేవాళ్లున్నారు. అలా చేస్తే మీ యూఆర్ఎల్ తెలిసినవాడెవడైనా ఉచితంగా ఖాతా ఆన్ చేసుకోవచ్చు. వెబ్‌హుక్ వచ్చే ఆ ఒక్క యూఆర్ఎల్‌కు మాత్రం బాడీ విప్పకుండా, వచ్చినది వచ్చినట్టే (రా బాడీగా) అందేలా పెట్టుకోండి.

ఇంకొకటి, అయిదు సెకన్లలో మీ సర్వరు జవాబివ్వాలి. ఉచిత హోస్టింగులో వాడకం లేనప్పుడు సర్వరు నిద్రపోతుంది, లేచేసరికి ఆ సమయం దాటిపోతుంది. రేజర్‌పే అదే ఈవెంటును మళ్లీ పంపుతుంది, మీ కోడ్ రెండుసార్లు నడిచి గడువు రెండేళ్లకు పెరిగిపోతుంది. ప్రతి ఈవెంటుకూ హెడరులో ఒక ఐడీ వస్తుంది. దాన్ని ఒకే ఐడీని రెండోసారి ఒప్పుకోని (యూనిక్ ఇండెక్సు ఉన్న) టేబుల్లో ముందు రాసి, రాయగలిగితేనే మిగతా పని చేయండి. 24 గంటల పాటు జవాబే రాకపోతే వెబ్‌హుక్ ఆగిపోతుంది, డ్యాష్‌బోర్డులోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయాలి. వీటన్నిటినీ ముందు అసలు డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లో చూసుకోవచ్చు. ఆ సదుపాయం చాలా బాగుంది, డాక్యుమెంటేషనూ స్పష్టంగా ఉంది.

సబ్‌స్క్రిప్షన్లు ఇప్పుడే ఎందుకు వద్దంటున్నానంటే, ఇందులో రేజర్‌పే తప్పేమీ లేదు. 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవాలంటే ముందు అదనపు ధ్రువీకరణతో అనుమతి తీసుకోవాలి, ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు కబురు వెళ్లాలి. ఆ కబురు చూసి రద్దు చేసుకునేవాళ్లుంటారు. యూపీఐలోంచి ఆటోమేటిక్‌గా తీసుకునే ఆటోపే తేలికే, కానీ ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే విఫలమవుతుంది, మళ్లీ ప్రయత్నాలయ్యాక సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది. ఈ స్థితులన్నిటికీ కోడ్ రాయాలి. పది మందికి ఏడాదికోసారి పది లింకులు పంపడానికి అరగంట చాలు. నెలవారీ కట్టేవాళ్లు ముప్పై, నలభై మంది అయ్యాక సబ్‌స్క్రిప్షన్ల వైపు చూడండి.

అమెరికాలోనో, ఇంకెక్కడో ఉన్న కస్టమర్లే మీ లక్ష్యమైతే ఈ సిఫార్సు మారుతుంది. రేజర్‌పేలో విదేశీ కార్డులకు విడిగా అనుమతి తీసుకోవాలి, రేటు 3 శాతం, దానిపై జీఎస్టీ. రేజర్‌పే లాంటిదే అయిన విదేశీ సంస్థ స్ట్రైప్ 2024 నుంచి మన దేశంలో కొత్త ఖాతాలను ఆహ్వానం మీదే ఇస్తోంది. పాడిల్ లాంటి సంస్థలు తామే అమ్మకందారుగా నిలబడి ఆయా దేశాల పన్నులు చూసుకుంటాయి, దానికి 5 శాతం, పైన 50 సెంట్లు తీసుకుంటాయి. నెలకు 9 డాలర్ల ధరలో అది 95 సెంట్లు, అంటే పదో వంతు పైనే. అదే ఏడాదికి 90 డాలర్లు ఒకేసారి తీసుకుంటే 5 డాలర్లే. విదేశాలకు అమ్మేవాళ్లు కూడా ఏడాది ధరతోనే మొదలుపెట్టడం మేలు.

బిల్లు విషయంలో ఒక మాట. సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది లేనంత కాలం మీ బిల్లులో జీఎస్టీ వరుస ఉండకూడదు, కస్టమర్ దగ్గర ఆ పేరుతో పైసా తీసుకోకూడదు. ప్లాంటు యజమాని జీఎస్టీ బిల్లు కావాలంటే లేదని ఉన్నమాట చెప్పి, వరుస నంబరు వేసిన మామూలు బిల్లులో రేజర్‌పే పేమెంట్ ఐడీ రాసి ఇవ్వండి.