పిల్లుల కోసమే చూడాలంటే ఏ గిబ్లీ చిత్రం మేలు?

పిల్లులంటే ప్రాణం పెట్టేవారు జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో గిబ్లీ చిత్రాల్లో ముందుగా దేనిని చూడాలన్న చర్చ వస్తే నాకు రెండు పేర్లు తడతాయి: 1995లో యోషిఫుమి కొందో దర్శకత్వంలో వచ్చిన ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’, 2002లో హిరోయుకి మొరిటా తీసిన ‘ది క్యాట్ రిటర్న్స్’. రెండింటికీ చుట్టరికం ఉంది. మొదటి చిత్రంలో పాత వస్తువుల దుకాణంలో పిల్లి బొమ్మగా నిలబడిన బారన్, రెండోదానిలో ప్రాణం పోసుకుని కథానాయకుడవుతాడు.

పిల్లి పిల్లిగానే ఉండాలనుకునేవారికి ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’లోని బొద్దు పిల్లిని మించినది లేదు. అది ఒంటరిగా రైలెక్కుతుంది, సీటు మీద కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తుంది, దిగి ఎవరినీ పట్టించుకోకుండా తన దారిన తాను పోతుంది. ఒక ఇంట్లో మూన్, మరో ఇంట్లో మూటా, ఇంకొకరికి ఒతామా. ఎవరు ఏ పేరుతో పిలిచినా అది ఎవరి సొంతమూ కాదు. చిత్రం మొత్తంలో ఒక్క మాట కూడా మాట్లాడదు. అయితే కథ షిజుకు అనే అమ్మాయి రచనా ప్రయత్నానిది, ఆమె తొలి ప్రేమది. పిల్లి దారి చూపి తప్పుకుంటుంది.

‘ది క్యాట్ రిటర్న్స్’ 75 నిమిషాలూ పిల్లులదే. లారీ కింద పడబోయిన పిల్లిని హరు అనే విద్యార్థిని స్నేహితురాలి లక్రోస్ ఆట కర్రతో కాపాడితే, అది వెనుక కాళ్ల మీద లేచి వంగి కృతజ్ఞతలు చెబుతుంది. అది పిల్లుల రాజ్యపు యువరాజు. ఇక రాజుగారి కానుకలు మొదలవుతాయి. బడిలో బూట్ల అర తెరిస్తే పెట్టెల నిండా బతికున్న ఎలుకలు! వేటాడిన ఎలుకను తెచ్చి గుమ్మంలో పెట్టే పిల్లిని పెంచినవారికి ఆ కానుకలోని ఆప్యాయత వెంటనే అర్థమవుతుంది. మనుషుల్లా నడిచినా ఆ పిల్లుల ఆలోచన పిల్లులదే కావడం ఈ చిత్రం గొప్పదనం. రాజ్యంలోకి వెళ్లాక మాత్రం కొలువు కూటాల సందడిలో పిల్లి నడక, పిల్లి ఒడుపు కొంత మరుగున పడతాయన్నది నిజం.

అయినా నా ఓటు దీనికే. హరు చిన్నతనంలో వీధిలోని ఒక తెల్లని పిల్లికూనకు తన చేప బిస్కెట్లు పెడుతుంది. ఆ కూనే యుకీగా పెరిగి, పిల్లుల రాజ్యంలో చిక్కుకున్న హరును హెచ్చరించి సాయపడుతుంది; యువరాజు ప్రాణాల మీదికి తెచ్చుకుంటూ నోట కరచుకుని వెళ్లిన పొట్లంలో ఉన్నవీ యుకీకి ఇష్టమైన ఆ బిస్కెట్లే. వీధి పిల్లులకు రోజూ గిన్నెలో పాలన్నం పెట్టేవారికి, అవి మనల్ని గుర్తు పెట్టుకుంటాయన్న ఆశను ఇంత మనసారా చూపిన చిత్రం నాకు మరొకటి కనబడలేదు.

1989 నాటి ‘కికీస్ డెలివరీ సర్వీస్’లోని నల్ల పిల్లి జిజీని కోరుకునేవారు జపనీస్ మాటలతోనే చూడటం మంచిది. అందులో చిన్నారి మంత్రగత్తె కికీకి ఒకసారి వినబడకుండా పోయిన జిజీ మాటలు చివరిదాకా తిరిగి రావు. 1998 నాటి ఆంగ్ల అనువాదంలో చివర జిజీ చేత ఒక మాట పలికించారు.

ఒక్కటే చూసే వీలుంటే ‘ది క్యాట్ రిటర్న్స్’ చూడండి. రెండూ చూడగలిగితే ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’ను ముందు పెట్టుకోండి, బారన్‌ను బొమ్మగా చూసినవారికే అతడు లేచి నడిచినప్పటి ఆనందం పూర్తిగా దక్కుతుంది.