విదేశీ విరాళమా, కంపెనీ నిధా, సంఘ కానుకా: గ్రామ సంఘానికి ఏది మేలు?

మన పల్లెల్లోని క్రైస్తవ సంఘానికీ, దాని నీడన నడిచే చిన్న హాస్టలుకో వైద్యశాలకో డబ్బు వచ్చే దారులు ప్రధానంగా మూడు. ఎంత వస్తుందన్న దానికన్నా, వచ్చింది ఏ పనికి చెల్లుతుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ముందు చూడాలని నా అభిప్రాయం.

విదేశీ విరాళం మొత్తంలో పెద్దది కావచ్చు. మతపరమైన కార్యక్రమాలను కూడా చట్టం అనుమతిస్తుంది కనుక, నమోదులో ఆ ప్రయోజనం ఉంటే మందిర నిర్మాణానికీ వాడుకోవచ్చు. అయితే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు పొందాలంటే సంస్థ మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో తన కార్యక్రమాలపై కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. నమోదును అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2020 సవరణతో సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే జమ కావలసి వచ్చింది, పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. పల్లెలకు వీటన్నిటికన్నా గట్టిగా తగిలింది మరొకటి: అందుకున్న విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడాన్ని ఆ సవరణ పూర్తిగా నిషేధించింది. పట్నంలోని పెద్ద సంస్థ తెచ్చి చిన్నవాటికి పంచే పద్ధతి దాంతో ఆగిపోయింది, దరఖాస్తు రాసే మనిషి కూడా లేని చిన్న సంస్థలు ఒంటరివయ్యాయి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధికి 2013 కంపెనీల చట్టం ఆధారం. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. చదువు, వైద్యం, తాగునీరు చట్టం ఇచ్చిన జాబితాలో ఉన్నాయి. ఆరాధన, సువార్త లేవు. కాబట్టి 12ఏ, 80జి అని మనం పిలుచుకునే ఆదాయపు పన్ను నమోదులతో సేవా పనికి వేరే ట్రస్టు ఉండటం అవసరం.

సంఘ కానుక చిన్నదే, వానలు పడని ఏడు ఇంకా చిక్కిపోతుంది. అయినా కోత పండుగకు తెచ్చిన ధాన్యం, వేలం వేసిన కోళ్లూ గుమ్మడికాయలూ, ఇల్లాలు వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఎవరి అనుమతి కోసమూ ఆగవు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య అంతకు ఏడేళ్ల ముందే, భారతీయుల ధనంతో, భారతీయుల చేతుల మీదుగా నడవాలన్న నియమంతో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో పాలుపంచుకున్నారు.

అందువల్ల పాస్టరు జీతం, కరెంటు బిల్లు, ఆదివారపు బడి వంటి ప్రతినెలా వచ్చే ఖర్చులకు కానుకలే మేలు. హాస్టలు పిల్లల చదువుకూ మంచినీటికీ కంపెనీ నిధిని అడగవచ్చు. కానీ కొనసాగే ప్రాజెక్టుకైనా మొదలైన ఏడాది పోగా మూడేళ్లే గడువు కనుక, వార్డెను జీతాన్ని దానిమీద పెట్టకూడదు. ఒకేసారి కట్టే భవనానికి విదేశీ దాత దొరికితే, ఆ దాత, ఆ మొత్తం వరకే ముందస్తు అనుమతి కోరే వీలు చట్టంలో ఉంది. ఏ దారిన వెళ్లినా మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడిగే అవకాశం ఉంది గనుక, సంఘ పెద్దలు ఈ ఏటి రసీదు పుస్తకాలతోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.